పందికొక్కుకి పాస్‌పోర్ట్ ఇచ్చిందెవరు?

ప్లేస్టేషన్‌లో ఆటలాడినవాళ్ళకి క్రాష్ బ్యాండికూట్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు. నారింజ రంగు ఒళ్ళు, నీలం ప్యాంటు, గిరగిరా తిరుగుతూ చెక్కపెట్టెలు పగలగొట్టే హీరో. ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మనవాళ్ళని అడిగితే, బ్యాండికూట్ అంటే రాత్రిపూట పెరట్లోకి వచ్చి నేల తవ్విపోయే పొడుగు ముక్కు జంతువు అంటారు. కేరళలో అడిగితే, మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబో అంటారు.

మా అమ్మమ్మకి ఈ మూడూ తెలియవు. కానీ అదే మాటని అసలు రూపంలో "అమ్మమ్మా, పందికొక్కు!" అని అరిచి చూడండి, చేతికందిన కర్ర పుచ్చుకుని వచ్చేస్తుంది.

అవును, అదే మాట. ఈ వారం మనం వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళబోయే ఇంగ్లీషు మాట 'బ్యాండికూట్'. ఆ కన్నం అవతలి చివర మన వడ్ల గాదె కింద తేలుతుంది.

మూడు పరీక్షలు

ముందొక మాట. ఫలానా ఇంగ్లీషు పదం మనదేనట, షేర్ చెయ్యండి అంటూ నాకు చాలా ఫార్వర్డ్‌లు వస్తుంటాయి. 'న్యూస్' అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అది ఉత్తదే. 'న్యూ' అంటే కొత్త, 'న్యూస్' అంటే కొత్త సంగతులు. దిక్కులకీ దానికీ సంబంధం లేదు.

రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలైపోవు. నేను ప్రతి మాటకీ మూడు పరీక్షలు పెడతాను. ఒకటి, శబ్దం: ఈ అక్షరం ఆ అక్షరంగా మారడానికి తగిన కారణం ఉందా? రెండు, అర్థం: పాత అర్థానికీ కొత్త అర్థానికీ మధ్య దారి కనిపిస్తోందా? మూడు, చోటు, కాలం: ఆ రెండు భాషలవాళ్ళూ నిజంగా ఎక్కడైనా ఎదురుపడ్డారా? మూడూ పాసైతేనే నమ్ముతాను.

ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు 'మదర్', సంస్కృతం 'మాతృ' ఒకే తాతముత్తాతల పిల్లలు. వాటిది రక్త సంబంధం. బ్యాండికూట్ కథ అలాంటిది కాదు. ఇంగ్లీషు జర్మానిక్ కుటుంబం, తెలుగు ద్రావిడ కుటుంబం. కాబట్టి ఇది ఒక ఇంట్లో పుట్టి, పెద్దయ్యాక ఇంకో ఇంటికి వలసపోయిన మాట. దాని పూర్వీకులు కావాలంటే లండన్‌లో కాదు, ఇక్కడ వెతకాలి.

పంది ఎక్కడిది, కొక్కు ఎక్కడిది?

పందికొక్కు అంటే పంది లాంటి కొక్కు. కొక్కు అంటే పెద్ద ఎలుక. పాత తెలుగులో వినాయకుడి వాహనాన్ని కూడా కొక్కు అనేవాళ్ళు. ఎలుకల్లో ఇది పెద్దది. బాగా తిన్నది కిలో దాకా తూగుతుంది. పందిలా నేలని కుళ్ళగిస్తుంది, కోపమొస్తే గుర్రుమంటుంది. పేరు పెట్టినవాళ్ళు బాగానే గమనించారు.

ఇప్పుడు 'పంది'ని పట్టుకుని వెనక్కి వెళ్దాం. తమిళంలో అది పన్ఱి. మలయాళంలో పన్ని. తుళులో పంజి. గోండీలో పద్ది. కొడగులో అచ్చం మనలాగే పంది. కూర్గ్ వెళ్ళిన ఫ్రెండ్స్ ఇన్‌స్టాలో పెట్టే ఫొటోల కింద 'పంది కర్రీ' అని ఉంటుంది చూడండి, అది తెలుగు హోటల్ కాదు, వాళ్ళ సొంత మాటే.

మరి కన్నడంలో? హంది. ఇక్కడ ఒక సరదా సూత్రం ఉంది. పాత కన్నడంలో మాట మొదట్లో ఉన్న 'ప' తర్వాతి కాలంలో 'హ' అయిపోయింది. మన పాలు వాళ్ళకి హాలు. మన పులి హులి. మన పువ్వు హూవు. అదే లెక్కలో పంది హంది. ఎక్కడో ఒకచోట కాదు, వరసగా ఇన్ని మాటల్లో ఒకే మార్పు కనిపిస్తోంది కాబట్టి ఇది యాదృచ్ఛికం కాదని భాషాశాస్త్రవేత్తలు గట్టిగా చెప్పగలుగుతారు. శబ్దం పరీక్ష అంటే ఇదే.

ఈ రూపాలన్నీ పక్కపక్కన పెట్టి, వీటన్నిటికీ మూలమైన మాట ఎలా ఉండేదో లెక్కగడతారు. దాన్ని మూల ద్రావిడ రూపం అంటారు. ఎక్కడా రాసిపెట్టి లేదు కాబట్టి ముందు ఒక నక్షత్రం గుర్తు పెట్టి, *పన్ఱి లాంటి రూపం అని రాస్తారు. అక్షరాలు పుట్టకముందే ఈ నేల మీద ఆ జంతువుని అలా పిలిచేవాళ్ళన్నమాట. క్రాష్ బ్యాండికూట్ పేరులో మొదటి సగం వయసు వేల ఏళ్ళు.

తెలుగే అని గ్యారంటీ ఏంటి?

మంచి ప్రశ్న. దక్షిణాదిలో ఇన్ని భాషలుండగా ఇంగ్లీషువాళ్ళు తెలుగు నుంచే తీసుకున్నారని ఎలా చెప్తాం?

పక్కింటివాళ్ళని అడిగితే సరిపోతుంది. తమిళంలో ఈ జంతువు పేరు పెరుచ్చాళి. కన్నడంలో హెగ్గణ. మరాఠీలో ఘూస్. వీటిలో దేన్ని ఎంత నలిపినా బ్యాండికూట్ రాదు. పైగా తమిళంలో కొక్కు అంటే ఎలుక కాదు, కొంగ! పందికొక్కు అని విన్న తమిళుడికి పంది మొహమున్న కొంగ గుర్తొస్తుందే తప్ప ఎలుక కాదు. పంది, కొక్కు ఈ అర్థంలో కలిసేది తెలుగులోనే.

ఇక చోటు, కాలం. ఈస్టిండియా కంపెనీవాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగి వ్యాపారం మొదలుపెట్టారు. మద్రాసు స్థలం సంపాదించింది ఆ తర్వాత, 1639లో. అదీ తెలుగు నాయకుల దగ్గరే. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు తెలుగుని 'జెంటూ' అనేవాళ్ళు. వాళ్ళ సరుకు గోడౌన్లలో ఉండేది. గోడౌన్లలో ధాన్యం ఉంటే పందికొక్కులు ఉండవా? రాత్రి గోడ కింద మట్టి పడుతున్న చప్పుడు విని "అదేంటి?" అని ఏ దొరో అడిగి ఉంటాడు. పక్కనున్న కూలీయో కాపలావాడో పేరు చెప్పి ఉంటాడు. ఆ దొర పేరూ, ఆ కూలీ పేరూ ఏ పుస్తకంలోనూ లేవు. మాట మాత్రం మిగిలింది.

'ప' ఎందుకు 'బ' అయింది?

దీనికి ఇంట్లోనే చేసుకునే ప్రయోగం ఒకటి చెప్తాను. పల్చటి కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని "పంది" అనండి. కాగితం పెద్దగా కదలదు. ఇప్పుడు యూట్యూబ్‌లో ఎవరైనా బ్రిటిష్ మనిషి 'పెన్' అన్నప్పుడు జాగ్రత్తగా వినండి. 'ప'కి వత్తు పెట్టినట్టు, కొంచెం గాలి ఊదుతూ అంటారు. మీరూ అలాగే అంటే కాగితం ఎగురుతుంది.

ఇంగ్లీషు చెవికి మాట మొదట్లో 'ప'కీ 'బ'కీ పెద్ద తేడా ఆ గాలే. గాలి వస్తే 'ప', రాకపోతే 'బ'. మనవాళ్ళు గాలి లేకుండా "పంది" అంటే, ఆ చెవికి అది "బంది"లా వినిపించడంలో వింతేమీ లేదు.

మరి కొక్కు కాస్తా 'కూట్' ఎందుకైంది? తెలియని శబ్దాన్ని తెలిసిన మాట ఆకారంలోకి నొక్కెయ్యడం అన్ని భాషలకీ ఉన్న అలవాటు. ఇంగ్లీషులో కూట్ అనే నీటిపక్షి ముందునుంచీ ఉంది. నాలుకకి అలవాటైన ఆ రూపం సాయం పట్టి ఉండొచ్చు. మనం మాత్రం తక్కువ తిన్నామా? హాస్పిటల్‌ని ఆసుపత్రి చేసి, చివర్లో పత్రి తగిలించుకున్నాం కదా.

ఇంగ్లీషు రాతల్లో బ్యాండికూట్ 1789 నాటికే కనిపిస్తుంది. భారతీయ భాషల నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన మాటల మీద యూల్, బర్నెల్ అనే ఇద్దరు తయారుచేసిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో వచ్చింది. అందులో ఈ మాట తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందని, పంది-ఎలుక అని అర్థమనీ స్పష్టంగా రాశారు. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా దౌలతాబాద్ కోటలో పిల్లులకంటే పెద్ద ఎలుకలున్నాయని, పిల్లులే వాటిని చూసి పారిపోయేవని రాసిన సంగతి కూడా అక్కడే ఎత్తుకున్నారు. ఆ తర్వాత సైన్స్ కూడా మన మాట వాడుకుంది. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త ఈ ప్రజాతికి 'బ్యాండికోటా' అని పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఏ యూనివర్సిటీలో చదివినా మన పందికొక్కు శాస్త్రీయ నామం 'బ్యాండికోటా ఇండికా'. లాటిన్ కోటు తొడుక్కున్న తెలుగు మాట అది.

మూడు పరీక్షలూ పాస్.

ఇక ఓడెక్కింది

1788లో బ్రిటిష్‌వాళ్ళు సిడ్నీ దగ్గర కాలనీ పెట్టారు. అక్కడ కుందేలంత ఒళ్ళు, పొడుగాటి ముక్కు, నేల తవ్వి పురుగులు తినే జంతువు కనిపించింది. ఇండియాలో విన్న పేరొకటి నోట్లో సిద్ధంగా ఉంది. 18వ శతాబ్దం ముగిసేలోపే దాన్ని కూడా బ్యాండికూట్ అనేశారు.

నిజానికి ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. మనది ఎలుక జాతి. ఆస్ట్రేలియాది కంగారూలాగా పిల్లల్ని సంచిలో పెట్టుకునే జాతి. సంచి కూడా తమాషాగా వెనక్కి తెరుచుకుని ఉంటుంది. ముందుకి ఉంటే నేల తవ్వేటప్పుడు మట్టంతా పిల్లల మొహాన పడుతుంది కదా! కొన్ని రకాల్లో గర్భం పన్నెండు పదమూడు రోజులే. పాలిచ్చే జంతువుల్లో అంత తక్కువ కాలం మోసేవి చాలా అరుదు.

ఆ జంతువుకి అప్పటికే పేర్లు లేవా అంటే, ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో నూంగార్ ప్రజలు ఒక రకాన్ని 'క్వెండా' అంటారు. అక్కడ ఆ పేరు ఇప్పటికీ బతికే ఉంది. కానీ దేశమంతటా పెద్ద పేరుగా నిలబడింది మాత్రం బ్యాండికూట్. మన మాట వేరే ఖండంలో వెలిగిందని సంతోషపడేటప్పుడు, అది కొంతమంది సొంత మాటల్ని పక్కకి నెట్టి కూర్చుందని కూడా తెలిసుండాలి. ఓడ మనది కాదు, అధికారమూ మనది కాదు. అయినా అరువు పేరు మనదే.

ఇంకో తమాషా. అక్కడ గిట్టల్లాంటి కాళ్ళున్న ఒక రకానికి 'పిగ్-ఫుటెడ్ బ్యాండికూట్' అని పేరు పెట్టారు. అంటే తెలుగులో పంది కాళ్ళ పందికొక్కు. మాటలో పంది ముందే ఉందని వాళ్ళకి తట్టలేదు, ఇంకో పందిని తెచ్చి కట్టారు. పాపం ఆ జంతువు 20వ శతాబ్దంలో అంతరించిపోయింది. నక్కలు, పిల్లులు లాంటి బయటి జంతువులు రావడం, పచ్చిక బయళ్ళు మారిపోవడం మిగతా రకాలనీ దెబ్బతీశాయి. ఒక శుభవార్త కూడా ఉంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో, సహజ పరిసరాల్లో ఇక లేదని లెక్క రాసేసిన ఈస్టర్న్ బార్డ్ బ్యాండికూట్‌ని ఏళ్ళ తరబడి పెంచి వదిలారు. 2021లో విక్టోరియా రాష్ట్రం దాన్ని ఆ జాబితా నుంచి తీసి, ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో వేసింది.

ఆస్ట్రేలియావాళ్ళు ఈ మాటని క్రియగా కూడా వాడారు. పైన ఆకులు కదలకుండా, మొక్క అలాగే ఉన్నట్టు కనబడేలా, కింద బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని 'బ్యాండికూటింగ్' అంటారు. ఇది చదవగానే నాకు మన "గాదె కింద పందికొక్కు" గుర్తొచ్చింది. పైకి గాదె నిండుగానే ఉంటుంది, కింద నుంచి ఖాళీ అవుతూ ఉంటుంది. వేరే ఖండం, వేరే జంతువు, అయినా దొంగతనం స్టైల్ ఒకటే.

అమెరికాలో నాటీ డాగ్ కంపెనీ 1996లో విడుదలైన తన గేమ్‌కి హీరోని వెతుకుతూ ఈ ఆస్ట్రేలియా జంతువునే ఎంచుకుంది. మొదట అనుకున్న పేరు విల్లీ ద వాంబాట్. చివరికి ఖాయమైంది క్రాష్ బ్యాండికూట్. అలా గాదె కింద తిట్లు తిన్న పేరు టీవీ తెర మీద హీరో పేరైంది.

మళ్ళీ మన దగ్గరికి

ఈ కథలో ఆఖరి మజిలీ నన్ను ఎక్కువ ఆపింది.

2015 నవంబర్‌లో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు విషవాయువుకి ఊపిరాడక చనిపోయారు. వాళ్ళని కాపాడదామని దిగిన స్థానిక ఆటో డ్రైవర్ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ ఇద్దరు కార్మికులూ పని కోసం ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళినవాళ్ళు. మన భాష మాట్లాడేవాళ్ళు.

ఆ దుర్ఘటన కేరళలో కొంతమంది కుర్ర ఇంజినీర్లని కదిలించింది. జెన్‌రోబోటిక్స్ అనే స్టార్టప్ పెట్టి, మనిషి దిగనక్కర్లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దిగి చెత్త తీసే రోబోని తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో అది పనిలోకి దిగింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు బ్యాండికూట్. నేల కింద కన్నాల్లో తిరిగే జంతువు పేరు.

మలయాళంలో ఆ జంతువుని పెరుచ్చాళి అంటారు. వాళ్ళు పెట్టుకున్నది ఇంగ్లీషు పేరు. కానీ ఆ ఇంగ్లీషు పేరు లోపల ఉన్నది, ఆ గుంటలో చనిపోయిన ఇద్దరి ఇళ్ళల్లో వాడే మాట. ఎవరూ కావాలని కలిపింది కాదు. మాటలు ఇలా కూడా తిరిగొస్తాయి.

మనుషుల చేత ఈ పని చేయించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఇప్పటికీ మనుషులు దిగుతూనే ఉన్నారు. రోబోకి ఆ పేరు పెట్టిన సార్థకత, మనిషిని ఆ కన్నంలోకి పంపడం ఆగిన రోజే.

ఇక్కడే ఇంకో సంగతి. పందికొక్కు అనే పేరుని ఏ రాజుగారి కొలువులోనో పండితులు పెట్టలేదు. దాని కన్నం ఎక్కడుందో, ఎన్ని దారులుంటాయో, లోపల ఎన్ని వడ్లు దాచుకుంటుందో తెలిసినవాళ్ళు పెట్టారు. రైతులు, కూలీలు, ఎలుకలు పట్టడంలో ఆరితేరిన యానాదులు. కన్నంలోకి పొగ పెట్టి, తవ్వి, అది దాచిన ధాన్యాన్ని తిరిగి తీసుకునే నేర్పు వాళ్ళది. "పొగబెట్టడం" అని మనం ఆఫీసు రాజకీయాల గురించి వాడే మాటకి ఇలాంటి పనులే పుట్టిల్లు. ఇంగ్లీషు నిఘంటువు 'తెలుగు నుంచి' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఆ తెలుగు ఎవరిదో రాయదు. అది మనం గుర్తుపెట్టుకోవాలి.

ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు ఒక పని చెయ్యండి. తాతయ్యనో, నాయనమ్మనో, పొలం పనికి వెళ్ళే పెద్దమ్మనో అడిగి, మీ వైపు ఎలుకల్లో ఎన్ని రకాలున్నాయో, ఒక్కోదాన్ని ఏమంటారో, పట్టే బుట్టలకి పేర్లేంటో ఫోన్‌లో రికార్డ్ చెయ్యండి. పది నిమిషాలు చాలు. ఊరి పేరు, తేదీ కూడా చెప్పించండి. వాటిలో చాలా మాటలు నిఘంటువుల్లో దొరకవు. వాటిని ఓడెక్కించడానికి ఇప్పుడు ఏ దొరా రాడు, మీ ఫోనే ఎక్కించుకోవాలి.